తెల్లవారుజామున ఐదున్నరకు జెడ్ డ్రైవ్ ఉండదు

(చిన్న వ్యాపారాల్లో కంప్యూటర్ పనులు చూసుకునేవాళ్లు ఒక ఆదివారం శ్రీకాకుళంలో కలిసినప్పుడు, పలాస జీడిపప్పు వ్యాపారంలో లెక్కలు చూసే ఒక ఉద్యోగిని చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. వెనక ఫ్యాను కింద కూర్చున్నవాళ్లకి నా మాట వినపడుతోందా? వినపడకపోతే చెయ్యెత్తండి, ఫ్యాను ఆపిస్తాను. ఎవరూ ఎత్తలేదు. ఫ్యాను ఆపిస్తానంటే ఎవరెత్తుతారు లెండి.

నేను ఇంజినీరుని కాదు. ముందే చెప్పేస్తున్నాను. బీకాం చదివి పలాసలో ఒక జీడిపప్పు షావుకారు గారి దగ్గర లెక్కలు రాయడానికి చేరాను. కొన్నాళ్లకి లెక్కల పుస్తకం కంప్యూటర్‌లోకి వెళ్లింది, దాని వెనకే నేనూ వెళ్లాను. కాబట్టి ఈ రోజు నేను చెప్పేది పుస్తకంలో చదివింది కాదు. తిట్లు తిని నేర్చుకున్నది.

విషయం ఏమిటంటే, ఫైళ్లు మన కంప్యూటర్‌లో ఉన్నంతకాలం రోజూ ఠంచనుగా నడిచిన రీలోడ్, అంటే రిపోర్టు కోసం డేటా మళ్లీ తెచ్చుకునే పని, వాటిని నెట్‌వర్క్ డ్రైవ్‌లోకి, అంటే ఇంకో కంప్యూటర్‌లోని ఫోల్డర్‌లోకి, మార్చిన మర్నాడే ఎందుకు ఆగిపోతుంది? మీలో ఎంతమందికి ఇది జరిగింది? ఆ, సగం చేతులు లేచాయి. మిగతా సగం ఇంకా ఫైళ్లు మార్చలేదన్నమాట.

ముందు మా పని చెప్పాలి, లేకపోతే కథ అర్థం కాదు. మాకు జీడి పిక్కలు బస్తాల్లో వస్తాయి, బస్తా అంటే 80 కిలోలు. కాల్చి, కొట్టి, పొట్టు తీశాక గుండ్లు వేరు, బద్దలు వేరు. గుండ్లలో మళ్లీ గ్రేడులు: 180, 210, 240, 320. ఈ అంకెలు ఏమిటనుకుంటున్నారు? పౌనుకి ఎన్ని పప్పులు తూగుతాయో ఆ లెక్క. అంకె పెరిగే కొద్దీ పప్పు చిన్నది, రేటు తక్కువ. పొద్దున్న ఆరింటికల్లా షావుకారు గారి చేతిలో ఒక కాగితం ఉండాలి. ఏ గ్రేడు ఎంత ఉంది, నిన్న ఏ రేటుకి పోయింది, అంతే. ఆరున్నర నుంచి ఆయన ఫోను మోగుతూనే ఉంటుంది.

ఆ కాగితం తెల్లవారుజామున ఐదున్నరకి తనంతట తనే తయారయ్యేది. టాస్క్ షెడ్యూలర్, అంటే చెప్పిన టైముకి పని మొదలుపెట్టే విండోస్ ప్రోగ్రాము, ఒక బ్యాచ్ ఫైల్‌ని, అంటే వరసగా కమాండ్లు రాసిన ఫైల్‌ని, లేపుతుంది, బ్యాచ్ ఫైల్ రిపోర్టు సాఫ్ట్‌వేర్‌ని లేపుతుంది, అది లేచి ఐదు ఎక్సెల్ ఫైళ్లు, ఒక యాక్సెస్ డేటాబేస్ నుంచి డేటా మొత్తం మళ్లీ తెచ్చుకుంటుంది. అదే రీలోడ్. సాఫ్ట్‌వేర్ పేరు చెప్పను, ఎందుకంటే తప్పు దానిది కాదు. మీరు వాడేది క్లిక్‌వ్యూ కావచ్చు, పవర్ బీఐ కావచ్చు, ఎక్సెల్‌లో పవర్ క్వెరీ కావచ్చు, కథ ఇదే.

డిస్కు నిండిపోయింది. గోడౌను ఆఫీసులో ఇంకో పెద్ద కంప్యూటర్ ఉంది, దాంట్లో కొత్త డిస్కు వేయించాం. ఫైళ్లన్నీ అక్కడికి మార్చాను. ఆ ఫోల్డర్‌ని షేర్ చేసి, నా కంప్యూటర్‌లో జెడ్ డ్రైవ్‌గా కలుపుకున్నాను. రీలోడ్ ఏ ఫైళ్లు తేవాలో రాసి ఉన్న స్క్రిప్టులో డీ డ్రైవ్ అని ఉన్నచోటల్లా జెడ్ అని మార్చాను. రీలోడ్ నొక్కాను. నడిచింది! ఇంకోసారి నొక్కాను, మళ్లీ నడిచింది. ఏడింటికి కంప్యూటర్ లాగాఫ్ చేసి హాయిగా ఇంటికెళ్లిపోయాను.

మర్నాడు ఆరున్నరకి షావుకారు గారి ఫోను. "ఏటమ్మా, మీ మిషను నిద్దరోయిందేటి? నిన్నటి రేటే సూపిస్తంది." అప్పటికే 240 గ్రేడు బేరం ఒకటి పాత రేటుకి ఒప్పేసుకున్నారు. పరుగున వెళ్లి రీలోడ్ నొక్కాను. నడిచింది. నా కళ్ల ముందే నడిచింది!

ఇప్పుడు మీరు చెప్పండి, మీరైతే ఏమనుకుంటారు? "రాత్రి నెట్‌వర్క్ ఏదో పోయి ఉంటుంది" అనుకుంటారు. నేనూ అదే అనుకున్నాను. అలా అనుకుంటూ మూడు రోజులు గడిపాను. మూడు రోజులూ పొద్దున్న ఫెయిలు, నేను నొక్కితే పాసు. నా చేతి చలవ అనుకోవాలా?

ఇక్కడే అసలు సంగతి ఉంది, కొంచెం నెమ్మదిగా చెప్తాను. నేను నొక్కినప్పుడు ఆ పని చేసింది నేను. ఐదున్నరకి చేసింది నేను కాదు. ఇంకెవరో. ఆ ఇంకెవరికి జెడ్ డ్రైవ్ అంటే ఏమిటో తెలియదు.

మా ఇంట్లో నన్ను బుజ్జి అంటారు. మా వీధిలో కూడా కొందరికి తెలుసు. పోస్ట్‌మాన్ వచ్చి, ఉత్తరం మీద "బుజ్జి, పలాస" అని ఉంటే ఎక్కడిస్తాడు? ఆయనకి డోర్ నంబరు కావాలి, వీధి కావాలి. జెడ్ అన్నది ముద్దుపేరు. నేను లాగిన్ అయినప్పటి నుంచి లాగాఫ్ అయ్యేదాకా సాగే నా సెషన్‌లో, నా కోసం విండోస్ పెట్టిన ముద్దుపేరు. నేను లాగాఫ్ అయితే ఆ పేరూ నాతోనే పోతుంది. ఇంకో సెషన్‌లో ఎవరున్నా వాళ్లకి ఆ పేరు లేదు. ఆ ఇంకో సెషన్‌లో ఉన్నది నా పేరుతో లాగిన్ అయిన టాస్కే అయినా సరే, లేదు! చాలామంది ఇక్కడే పొరబడతారు. "టాస్కు నా యూజర్ పేరు మీదే పెట్టాను కదా" అంటారు. పేరు మీదే, కానీ లాగిన్ వేరు. విండోస్ విస్టా వచ్చినప్పటి నుంచి సర్వీసులన్నీ, అంటే తెర మీద కనిపించకుండా నడిచే ప్రోగ్రాములన్నీ, సున్నా నంబరు సెషన్‌లో ఉంటాయి, మనుషులు ఒకటో నంబరు నుంచి. "లాగిన్ అయినా అవకపోయినా నడువు" అని పెట్టిన టాస్కు కూడా ఆ తెరవెనక గదిలోనే నడుస్తుంది. ఒకే కంప్యూటర్‌లో మీరు మామూలుగా తెరిచిన కమాండ్ విండోకి జెడ్ కనిపిస్తుంది, అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచిన విండోకి కనిపించకపోవచ్చు. ఇంటికెళ్లి చూడండి, కావాలంటే.

మరి నేనేం చేశాను? తప్పు చేశాను. తెలిసిన కుర్రాడొకడు చెప్పాడు: "అక్కా, నీ పేరు మీద కొత్త టాస్కు ఒకటి పెట్టి, దాంట్లో 'లాగిన్ అయి ఉంటేనే నడువు' అని పెట్టు. సాయంత్రం లాగాఫ్ చెయ్యకు, స్క్రీన్ లాక్ చేసి వెళ్లిపో." చేశాను. నడిచింది! నా సెషన్ బతికే ఉంది కాబట్టి జెడ్ కూడా బతికే ఉంది. పదకొండు రోజులు నడిచింది. ఆ కుర్రాడికి పావుకిలో గుండు పప్పు కూడా ఇచ్చాను. పన్నెండో రోజు రాత్రి గాలివాన వచ్చింది, కరెంటు పోయింది. రెండింటికి వచ్చింది. కంప్యూటర్ లేచి లాగిన్ తెర దగ్గర నిలబడింది. ఎవరి కోసం? నా కోసం. నేను ఇంట్లో నిద్రపోతున్నాను. మన జిల్లాలో గాలివాన గురించి నేను మీకు చెప్పక్కర్లేదు, 2018లో తిత్లీ మా పలాస పక్కనే తీరం దాటింది. కరెంటు పోకుండా ఉంటేనే నడిచే ఏర్పాటు మన ఊళ్లలో ఏర్పాటే కాదు. పప్పు తిరిగి అడగలేదు లెండి.

అప్పుడు ఆ కొత్త టాస్కు తీసేసి, పాత టాస్కుకే తిరిగొచ్చి, స్క్రిప్టులో జెడ్ తీసేసి పూర్తి చిరునామా రాశాను. రెండు బ్యాక్‌స్లాష్‌లు, కంప్యూటర్ పేరు, ఒక బ్యాక్‌స్లాష్, షేర్ పేరు. \\గోడౌన్\లెక్కలు అన్నట్టు. దీన్ని యూఎన్‌సీ పాత్ అంటారు. ఇది ఏ సెషన్‌లో ఉన్నవాడికైనా ఒకటే. ఒక్కచోట మార్చి ఊరుకోకండి. స్క్రిప్టులో ఉంటుంది, బ్యాచ్ ఫైల్‌లో ఉంటుంది, ఎక్సెల్ లింకుల్లో ఉంటుంది, ఓడీబీసీ డీఎస్‌ఎన్‌లో, అంటే డేటాబేస్ ఎక్కడుందో విండోస్‌లో ఒక పేరు పెట్టి రాసుకున్న చోట, ఉంటుంది. ఈ డీఎస్‌ఎన్ కూడా యూజర్ డీఎస్‌ఎన్ అయితే నాకొక్కదానికే కనిపిస్తుంది, జెడ్ డ్రైవ్‌కి తమ్ముడన్నమాట. సిస్టమ్ డీఎస్‌ఎన్‌గా పెట్టండి. 32 బిట్, 64 బిట్ వేరువేరు జాబితాలు, మీ సాఫ్ట్‌వేర్ ఏ బిట్‌దో అందులో పెట్టండి.

చిరునామా రాశాక ఏమైంది? మళ్లీ ఫెయిలు. కానీ ఈసారి రిపోర్టు సాఫ్ట్‌వేర్ తను రాసుకునే లాగ్‌లో ఎర్రర్ మారింది. ఎర్రర్ మారితే సంతోషించాలి, ఎందుకో చెప్తాను. మొదట వచ్చింది 3. అంటే అసలు అలాంటి దారే లేదు. ఇప్పుడొచ్చింది 5. అంటే దారి దొరికింది, తలుపు తియ్యలేదు. 53 వస్తే ఆ కంప్యూటరే నెట్‌వర్క్‌లో కనిపించలేదని. 32 వస్తే ఫైలు ఇంకెవరి చేతిలోనో ఉందని. ఈ నాలుగు అంకెలు గుర్తుంటే సగం పని అయిపోయినట్టే. మా షావుకారు గారికి 180, 210, 240, 320 ఎలాగో మనకి 3, 5, 32, 53 అలాగ.

ఐదో నంబరు ఎర్రర్ ఎందుకొచ్చింది? లోపలికి వెళ్లడానికి వచ్చిందెవరో గోడౌను కంప్యూటర్‌కి తెలియలేదు. మరి వచ్చిందెవరు? అది నాకూ తెలియదు! ఆ పాత టాస్కు ఎవరి పేరు మీద నడుస్తోందో నేనెప్పుడూ చూడలేదు, మొదట పెట్టినవాళ్లు ఎవరో పెట్టి వెళ్లారు. అప్పుడొక చిన్న పని చేశాను. ఈ రోజు ప్రసంగంలో మీరు రాసుకోవాల్సింది ఏదైనా ఉంటే ఇదే. నోట్‌ప్యాడ్ తెరిచి మూడు లైన్ల బ్యాచ్ ఫైల్ రాశాను. మొదటి లైను హూ యామ్ ఐ (whoami), మూడు మాటలూ కలిపి ఒకే మాటగా, ఖాళీ లేకుండా. రెండో లైను నెట్ యూజ్ (net use), అంటే కలిపి ఉన్న నెట్‌వర్క్ డ్రైవ్‌ల జాబితా చూపించమని. మూడో లైను డిర్ (dir), అంటే ఫోల్డర్‌లో ఏమున్నాయో చూపించమని, పక్కన ఆ పూర్తి చిరునామా. మూడింటి జవాబులూ సీ డ్రైవ్‌లో ఒక టెక్స్ట్ ఫైల్‌లోకి వెళ్లేలా, ఎర్రర్లు కూడా అందులోకే వెళ్లేలా రాశాను. ఆ ఫైల్‌ని నేను డబుల్ క్లిక్ చెయ్యలేదు. నేను డబుల్ క్లిక్ చేస్తే మళ్లీ నేనే కదా! పాత టాస్కు ఏ ఖాతా మీద ఉందో అదే ఖాతాతో, అవే టిక్కులతో కొత్త టాస్కు పెట్టి, టాస్క్ షెడ్యూలర్‌లోనే రన్ నొక్కాను.

"నువ్వెవరు?" అని అడిగితే ఏమని జవాబిచ్చింది? "ఎన్‌టీ అథారిటీ, సిస్టమ్." నెట్ యూజ్‌కి జవాబు: జాబితాలో ఏమీ లేవు. అంటే జెడ్ లేదు, ఏ డ్రైవూ లేదు. డిర్‌కి జవాబు: అనుమతి లేదు. టెక్స్ట్ ఫైల్‌లో నాలుగు ముక్కలు. రెండు వారాలుగా నేను కొట్టుకుంటున్నదంతా ఆ నాలుగు ముక్కల్లో ఉంది. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

సిస్టమ్ అంటే ఈ కంప్యూటర్‌లో మహారాజు. అడ్డే లేదు. కానీ గేటు దాటి నెట్‌వర్క్‌లోకి వెళ్లాడంటే సిస్టమ్ అన్న పేరు చెల్లదు, కంప్యూటర్ పేరు చివర డాలరు గుర్తు తగిలించుకుని ఆ పేరుతో వెళ్తాడు. పెద్ద ఆఫీసుల్లో డొమైన్, అంటే అన్ని కంప్యూటర్ల ఖాతాలూ ఒక్కచోట చూసే ఏర్పాటు, ఉంటే ఆ పేరుకి అనుమతి ఇవ్వొచ్చు. మన దగ్గర డొమైన్ ఎక్కడుంది? నాలుగు కంప్యూటర్లు, ఒక స్విచ్చి. పక్క కంప్యూటర్ ఆ పేరు ఎప్పుడూ వినలేదు, తలుపు తియ్యదు. విజయనగరం రాజుగారైనా మారువేషంలో వస్తే మన వాచ్‌మన్ ఆపడా?

కాబట్టి ఆ పని కోసమే ఒక ఖాతా తెరిచాం. రెండు కంప్యూటర్లలోనూ అదే పేరు, అదే పాస్‌వర్డు. డొమైన్ లేనప్పుడు ఇది తేలిక దారి. దానికి గోడౌను కంప్యూటర్‌లో రెండు చోట్ల అనుమతి ఇవ్వాలి. వీధి గేటు ఒకటి, ఇంటి తలుపు ఒకటి. షేరింగ్‌లో ఇచ్చేది గేటు. సెక్యూరిటీ అన్న ట్యాబ్‌లో ఇచ్చేది తలుపు. గేటు బార్లా తీసి తలుపుకి తాళం వేస్తే లోపలికి రాగలరా? రెండింటిలో ఏది గట్టిదైతే అదే చెల్లుతుంది. నేను గేటు దగ్గర "అందరికీ" అని ఇచ్చేసి, "అన్నీ ఇచ్చాను కదా" అని ఇంకో పూట పోగొట్టుకున్నాను.

టాస్కులో ఆ ఖాతా పెట్టేటప్పుడు ఒక టిక్కు ఉంటుంది, "పాస్‌వర్డు దాచవద్దు" అని. చూడ్డానికి మంచిదే, భద్రంగా కనిపిస్తుంది. దాని పక్కనే రాసి ఉంటుంది, అలా అయితే టాస్కుకి ఈ కంప్యూటర్‌లో ఉన్నవే అందుతాయని. ఎవరు చదువుతారు? ఆ టిక్కు పెడితే నెట్‌వర్క్ గేటు దాకా కూడా వెళ్లదు. తీసెయ్యండి, పాస్‌వర్డు అడుగుతుంది, ఇవ్వండి. ఆ పాస్‌వర్డుకి గడువు లేకుండా చూడండి. విండోస్ డిఫాల్టు పాలసీలో గడువు 42 రోజులు. అంటే ఇవాళ అంతా సరిచేసి ఇంటికెళ్తే, నెలా పన్నెండు రోజుల తర్వాత ఒక పొద్దున్న ఆగిపోతుంది, అప్పటికి ఏం మార్చామో మనకే గుర్తుండదు. పవర్ బీఐ గేట్‌వే వాడేవాళ్లు కూడా వినండి, అది కూడా సర్వీసే, దానికీ సొంత ఖాతా ఉంటుంది. మీ జెడ్ దానికీ తెలియదు.

ఇంక చిన్నవి గబగబా చెప్పేస్తాను, టీ చల్లారిపోతోంది. టాస్కులో "స్టార్ట్ ఇన్" అన్న గడి ఖాళీగా వదిలేస్తే పని విండోస్ సిస్టమ్ ఫోల్డర్‌లో మొదలవుతుంది, మీ ఫైల్ పేర్లు అక్కడ దొరకవు. అక్కడ కొటేషన్ గుర్తులు పెట్టకండి. బ్యాచ్ ఫైల్‌లో సీడీ (cd) అని కొట్టి రెండు బ్యాక్‌స్లాష్‌ల చిరునామాకి వెళ్లలేరు, పుష్‌డీ (pushd) అని కొట్టండి, అది తాత్కాలికంగా ఒక అక్షరం తనే పెట్టుకుంటుంది, పాప్‌డీ (popd) అంటే తీసేస్తుంది.

ఒక సంగతి మాత్రం తొందరపడకుండా చెప్పాలి. ఆ మూడు రోజులూ టాస్క్ షెడ్యూలర్‌లో ఏమని ఉందో తెలుసా? "విజయవంతంగా పూర్తయింది." సున్నా! ఫలితం సున్నా అంటే అంతా బాగుందని. ఎలా? నా బ్యాచ్ ఫైల్ చివరి లైను, "పని అయిపోయింది" అని లాగ్‌లో రాయడం. ఆ రాయడం బాగానే జరిగింది. షెడ్యూలర్ చివరి మాటే నమ్మింది. ఇంట్లో అన్నం మాడిపోయినా "వంటయిందా?" అంటే "అయింది" అనేవాళ్లు ఉంటారు చూడండి, అలా. అందుకని రీలోడ్ లైను వెంటనే ఎర్రర్ లెవెల్, అంటే ఆ పని వదిలి వెళ్లిన ఫలితం నంబరు, చూసి, తేడా ఉంటే అక్కడే ఆ నంబరుతో బయటికి వచ్చెయ్యాలి. టాస్క్ హిస్టరీ కూడా మామూలుగా ఆపేసి ఉంటుంది, ఆన్ చేసుకోండి. దానికంటే ముఖ్యం, కాగితం మీద పైన "డేటా తేదీ" అని ఒక గడి పెట్టాను. ప్రింటు తీసిన తేదీ కాదు. డేటాలో ఉన్న చివరి అమ్మకం తేదీ. అది నిన్నటిది కాకపోతే గడి ఎర్రగా అవుతుంది. ఇప్పుడు షావుకారు గారు ఎరుపు చూస్తే బేరం ఒప్పుకోరు, ముందు నాకు ఫోను చేస్తారు. తిట్లు మారలేదు గానీ నష్టం ఆగింది.

32 ఎర్రర్ సంగతి. గోడౌను గుమస్తా గారు స్టాకు ఎక్సెల్ తెరిచి, స్క్రీన్ లాక్ చేసి ఇంటికెళ్లిపోయేవారు. "తెల్లారి మళ్లీ తెరవాలి కదమ్మా, ఎందుకు ముయ్యడం?" అనేవారు. నిజమే మరి, ఆయన కష్టం ఆయనది. చదవడానికి ఇబ్బంది రాకపోవచ్చు, ఆ ఫైల్‌లోకి తిరిగి రాయాల్సి వస్తే ఆగిపోతుంది. ఫోల్డర్‌లో అలగుర్తు (~), డాలరు గుర్తుతో మొదలయ్యే దాగుడు ఫైలు కనిపిస్తే ఎవరో తెరిచి ఉంచారని. ఆయన్ని మార్చలేం కాబట్టి నేనే మారాను. ఐదు గంటలకి ఫైళ్లని నా కంప్యూటర్‌కి కాపీ చేసుకుని, ఆ కాపీల మీద రీలోడ్ నడుపుతున్నాను. నెట్‌వర్క్ మధ్యలో తెగినా కాపీ దగ్గరే తెలిసిపోతుంది.

ఇంకొకటి. మొదట్లో రీలోడ్ ఆరు నిమిషాలు పట్టేది, మార్చాక నలభై నిమిషాలు. గిగాబిట్ స్విచ్చే వేశాం, అంటే సెకనుకి 1000 మెగాబిట్లు పోయేది. చూస్తే లింకు 100 దగ్గర ఆగిపోయింది. గిగాబిట్‌కి కేబుల్‌లో నాలుగు జతల తీగలూ కావాలి, 100కి రెండు జతలు చాలు. గోడౌనులో ఎలుక రెండు జతలు తినేసింది. జీడిపప్పు గోడౌనులో ఉండి ప్లాస్టిక్ తిన్న ఎలుకని ఏమనాలి?

ఆ తమ్ముడు ఏదో అడుగుతున్నాడు. గట్టిగా చెప్పు బాబూ. "మేం గూగుల్ డ్రైవ్‌లో పెట్టాం, జీ డ్రైవ్ అని వస్తుంది, అది నెట్‌వర్క్ డ్రైవ్ కాదు కదా మేడమ్." మంచి ప్రశ్న. నెట్‌వర్క్ షేర్ కాదు, కానీ నువ్వు లాగిన్ అయ్యాకే ఆ యాప్ లేస్తుంది, నీ కోసమే ఆ జీ అక్షరం పెడుతుంది. ఐదున్నరకి నువ్వు లేవు. కాబట్టి జీ కూడా లేదు. నా మూడు లైన్ల ఫైల్‌లో చిరునామా బదులు జీ పెట్టి, నీ టాస్కు ఖాతాతో నడిపి చూడు, అదే చెప్తుంది.

ఆ ఫైలు పెన్ డ్రైవ్‌లో తెచ్చాను, టీ బల్ల మీద పెడుతున్నాను. కాపీ చేసుకోండి. మూడో లైనులో మా గోడౌన్ పేరు ఉంది, మీది మార్చుకోండి. పెన్ డ్రైవ్ మాత్రం నాదే, తిరిగి ఇచ్చెయ్యండి.